కనిపించని విటమిన్‌కు దీపం పరీక్ష

పిల్లలూ, మాధాపూరు నుంచి ఒక అబ్బాయి నాకు ఇట్లా రాశాడు: "మాస్టారూ, మా ఇంటి దగ్గర మందుల షాపులో అమ్మే సి విటమిన్ బిళ్ళల అట్ట మీద 500 మిల్లీగ్రాములు అని అచ్చువేసి ఉన్నది. ఆ షాపు ముందే బండి మీద ఉప్పూ కారమూ చల్లి ఉసిరికాయలు అమ్ముతారు. వాటి మీద ఏమీ రాసి ఉండదు. ఉసిరికాయలో సి విటమిన్ ఉన్నదని ఎవరు చూశారు? ఎట్లా చూశారు?"

మంచి ప్రశ్న. "ఉసిరికాయలో సి విటమిన్ హెచ్చు" అని పాఠం అప్పగించేవాళ్ళు తరగతిలో నలభైమంది ఉంటే, "మీకెట్లా తెలుసు?" అని అడిగేవాడు ఒక్కడుంటాడు. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను ఆ ఒక్కడి కోసమే ఎదురుచూసేవాణ్ణి.

సి విటమిన్ తెల్లని పొడి. నీళ్ళలో వేస్తే ఉప్పులాగే కరిగి మాయమవుతుంది. రంగు లేదు, వాసన లేదు. రుచి పులుపే గాని, దాన్ని నమ్మి లాభం లేదు. నిమ్మరసం అంత పుల్లగా ఉండటానికి ముఖ్య కారణం సిట్రిక్ ఆమ్లం, సి విటమిన్ కాదు. చింతపండు ఎంత పులుపో మీకు తెలుసు. దానిలో సి విటమిన్ బహు స్వల్పం. కనక నాలుక ఈ పనికి చాలదు, కన్నూ చాలదు.

పోనీ, కన్నుకు ఒక దీపం సాయం ఇద్దాం. హైటెక్ సిటీలో పెద్ద పెద్ద దుకాణాలలో డబ్బు పుచ్చుకునేవారి బల్ల మీద ఊదారంగు దీపం ఒకటి ఉంటుంది, చూశారా? మీరిచ్చిన నోటును దాని క్రింద పెడతారు. నోటు మీది అంకెలు మెరుస్తాయి. కాగితంలో దాచిన సన్నని పోగులు కూడా మెరుస్తాయి. ఆ దీపం నుంచి వచ్చేవి అతినీలలోహిత కిరణాలు. అవి మన కంటికి ఆనవు. నోటు మీది సిరా ఆ కిరణాన్ని మింగి, అందులో కొంత శక్తిని వేడిగా పోగొట్టుకొని, మిగిలినదాన్ని కంటికి కనపడే వెలుగుగా బయటికి వదులుతుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు. ఇంగ్లండులో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు 1852లో దీని సంగతి విప్పి చెప్పాడు. మలేరియాకు ఇచ్చే క్వినైన్ కలిపిన నీరు ఎండలో నీలంగా మెరవటం చూసి ఆయన పరిశోధించాడు.

మన వంటింటి పసుపును స్పిరిట్‌లో కలిపి ఈ దీపం క్రింద పెడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. బి2 విటమిన్ అయితే పసుపు కలిసిన ఆకుపచ్చగా తనంతట తానే వెలుగుతుంది. ఇక సి విటమిన్‌ను పెట్టండి. ఏమీ లేదు! గ్లాసులో నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. (ఆ దీపంలోకి మాత్రం నేరుగా చూడకండి, కళ్ళకు చెరుపు.)

తాను వెలగనిదాన్ని పట్టుకోవాలంటే దాని ప్రవర్తన తెలియాలి. సి విటమిన్ గొప్ప దాత. తన దగ్గర ఉన్న ఎలక్ట్రానులను ఎదుటివానికి ఇచ్చివేస్తుంది. వంకాయ ముక్కలకు గాలి తగిలితే నల్లబడతాయి కదా? నిమ్మరసం పిండితే అంత తొందరగా నల్లబడవు. దీనిలో పులుపు చేసే పని కొంత, సి విటమిన్ చేసే దానం కొంత. కాయల ముక్కలు ఎందుకు నల్లబడతాయి, కొన్ని ఎందుకు నల్లబడవు అని తలబద్దలు కొట్టుకున్నవాడే సి విటమిన్‌ను మొట్టమొదట విడదీశాడు. ఆయన హంగరీ దేశస్థుడు, పేరు ఆల్బర్ట్ సెంట్ జార్జి. అది 1928లో. అప్పుడాయనకు తన చేతిలో ఉన్నది ఏమిటో సరిగా తెలియదు. అందుకని "నాకు తెలియదు" అనే అర్థం వచ్చేట్టు దానికి "ఇగ్నోస్" అని పేరు పెట్టాడు. పత్రికా సంపాదకుడు ఒప్పుకోలేదు. సరే, "దేవుడికి తెలుసు" అనే అర్థంతో "గాడ్నోస్" అందామన్నాడు. సంపాదకుడికి మరింత కోపం వచ్చింది! తరవాత ఆయన తన దేశంలో, మన మిరప జాతిదే అయిన తియ్య మిరపకాయల నుంచి సి విటమిన్‌ను ఎంతో తీశాడు. 1937లో నోబెల్ బహుమానం పొందాడు. గుంటూరువారు మరీ పొంగిపోనక్కరలేదు: పచ్చిమిరపలో ఉన్న సి విటమిన్ ఎండు మిరపలో చాలావరకు మిగలదు.

దాత అన్నాను గదా, ఆ దానాన్ని మీరే ఇంట్లో చూడవచ్చు. పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకోండి. అన్నం వార్చిన గంజి ఒక చెంచాడు తీసుకొని గ్లాసెడు చన్నీళ్ళలో కలపండి. దానిలో రెండు చుక్కలు టింక్చర్ అయొడిన్ వెయ్యండి. నీళ్ళు ముదురు నీలం అవుతాయి. గంజి వేడిగా ఉండగా చెయ్యకండి. వేడికే నీలం పోయి మీరు మోసపోతారు. ఇప్పుడు ఉసిరికాయ తురిమి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని చుక్క చుక్కగా వేస్తూ కలపండి. నీలం విరిగిపోయి నీరు తేటపడుతుంది. ఎన్ని చుక్కలకు తేటపడిందో రాసుకోండి. మరో గ్లాసులో నిమ్మరసం వేసి చూడండి. చుక్కలు ఎన్నో రెట్లు ఎక్కువ పడతాయి. ఇంకో గ్లాసులో వెనిగర్ వెయ్యండి. అది పుల్లనిదే, అయినా నీలం పోదు. అంటే ఈ పని చేసింది పులుపు కాదన్నమాట. సి విటమిన్ ఇచ్చిన ఎలక్ట్రానులను పుచ్చుకొని అయొడిన్ తన రూపు మార్చుకున్నది. పని అయినాక ఆ నీళ్ళు పారబొయ్యండి, నోట పెట్టరాదు.

1930 ప్రాంతాల జర్మనీలో టిల్మన్స్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి కూడా ఇటువంటిదే. అక్కడ అయొడిన్‌కు బదులు ఒక నీలి అద్దకం. ప్రయోగశాలలు దాన్ని చాలా ఏళ్ళు వాడినై. రంగునుబట్టి కొలవటం తెలుగువారికి కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. ఆ నీలం పుట్టించటానికి ఎలక్ట్రానుల దాత ఒకరు కావాలి. తరవాతి కాలంలో చాలా ప్రయోగశాలలు ఆ దాతగా సి విటమిన్‌నే పెట్టుకున్నవి!

ఇంతవరకు బాగానే ఉన్నది. ఇప్పుడు చిక్కు వస్తుంది. నాలుగో గ్లాసు తయారుచేసి, దానిలో పాలు కలపని చిక్కటి టీ డికాషన్ వేస్తూ పొండి. నీలం దానికీ విరిగిపోతుంది! టీలో సి విటమిన్ లేదనే చెప్పాలి. మరి నీలాన్ని విరిచినదెవరు? టీకి వగరునిచ్చే పదార్థాలు. అవీ దాతలే.

గుడి హుండీలో గుప్తదానం పడితే డబ్బు కనపడుతుంది గాని, ఇచ్చినవాడి పేరు కనపడదు. మన పరీక్ష కూడా అంతే. దానం జరిగిందని చెప్పింది. దాత ఎవరో చెప్పలేదు. ఉసిరికాయ కొరికితే పులుపు వెంట వగరు తగులుతుంది. అంటే ఆ కాయలో సి విటమిన్ పక్కన వగరు దాతలు కూడా కూర్చుని ఉన్నారన్నమాట.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. అది 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న శాఖగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు తిండిపదార్థాలలో ఏది ఎంత ఉన్నదో ఆ సంస్థవారు కొలిచి పుస్తకాలు వేస్తారు. వారి పాత పుస్తకంలో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాముల సి విటమిన్ అని ఉండేది. 2017లో వేసిన కొత్త పుస్తకంలో అది సుమారు 250. జామకాయ అంకె మాత్రం దాదాపు మారలేదు: అప్పుడూ ఇప్పుడూ 200 పైచిలుకే. చెట్టు జాతి, కాసిన నేల, కోసిన కాలం, కొలిచిన పద్ధతి, అన్నిటినిబట్టీ అంకె మారుతుంది. అయినా 250 తక్కువేమీ కాదు. రోజుకు మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలని ఆ సంస్థవారే 2020లో చెప్పారు. ఆ లెక్కన ఒక పెద్ద ఉసిరికాయ చాలును. సీసాల మీద ఇంకా 600 అంకె పట్టుకొని వ్యాపారం చేసేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది.

మరి అసలు దాతను వేషగాళ్ళ నుంచి విడదీసేదెట్లా? ఇక్కడ దీపం పనికి వచ్చింది. అమెరికాలో డాయిష్, వీక్స్ అనే ఇద్దరు 1965లో ఒక చక్కని ఉపాయం ప్రకటించారు. రసాన్ని తీసుకొని బొగ్గుపొడితో కుదుపుతారు. సి విటమిన్ తన ఎలక్ట్రానులన్నీ ఇచ్చివేసి వట్టిచేతులతో నిలబడుతుంది. అప్పుడు ఆర్థో ఫినిలిన్ డయమిన్ అనే మందు కలుపుతారు. వట్టిచేతుల సి విటమిన్‌తో ఆ మందు జతకూడి కొత్త పదార్థం అవుతుంది. ఈ కొత్త పదార్థం ఊదా దీపం క్రింద నీలంగా వెలుగుతుంది! వెలగని విటమిన్‌కు వెలుగు వచ్చింది.

అయితే రసంలో తమంతట తామే వెలిగేవీ, ఆ మందుతో కలిసి వెలిగేవీ మరికొన్ని ఉండవచ్చు గదా? అందుకని రెండో గొట్టంలో కూడా అదే రసం పోస్తారు. దానిలో ముందుగా బోరిక్ ఆమ్లం వేస్తారు. బోరిక్ ఆమ్లం అంటే మీరు క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్లపొడే! అది వట్టిచేతుల సి విటమిన్‌ను గట్టిగా పట్టుకొని, మందు దగ్గరికి పోనివ్వదు. ఆ తరవాత మందు కలుపుతారు. ఇప్పుడు ఈ గొట్టంలో వెలుగు ఏమైనా ఉంటే అది వేషగాళ్ళది. మొదటి గొట్టం వెలుగులోంచి దీన్ని తీసివేస్తే మిగిలినది సి విటమిన్‌ది. ఒకనాడు అందరినీ గుడికి రానిచ్చి హుండీ లెక్కపెట్టారు. రెండోనాడు ఒక్క దాతను ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ లెక్కపెట్టారు. రెండు లెక్కల తేడా ఎవరిదో ఇక వేరే చెప్పాలా? నా మట్టుకు నాకు, ఈ విద్యలో ఇంతకన్న అందమైన ఉపాయం మరొకటి కనపడలేదు.

కాయల రసానికి ఇది బాగున్నది. మనిషి రక్తం సంగతి వేరు. మేకా కుక్కా తమకు కావలసిన సి విటమిన్‌ను తమ ఒంట్లోనే చేసుకుంటాయి. మనమూ కోతులూ చేసుకోలేము, తిండితో రావలసిందే. రానప్పుడు చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, గాయాలు మానవు. దానినే స్కర్వీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలోని ద్రవభాగం 100 మిల్లీలీటర్లలో సి విటమిన్ సుమారు ఒక మిల్లీగ్రాము ఉంటుంది. 0.2కు పడిపోతే లోపం ఉన్నట్టే. ఇంత చిన్న తేడాను కనిపెట్టాలి. రక్తం తీసి ఊరికే ఉంచితే దానిలోని సి విటమిన్ గంటల్లో నశిస్తుంది. మంచులో పెట్టి, వెలుతురు తగలకుండా, ఆమ్లం కలిపి కాపాడాలి. పసిపిల్లల నుంచి గొట్టాలకు గొట్టాలు రక్తం తియ్యలేము. ఒక్క చుక్కతో, ఆలస్యం లేకుండా తేలితే ఎంత మేలు! ఇంకొక కోరిక కూడా శాస్త్రజ్ఞులకు ఉన్నది: బతికి ఉన్న కణంలో సి విటమిన్ ఎక్కడ ఉన్నదో చూడాలని. బొగ్గుపొడితో కుదిపితే కణం బతకదు గదా?

అందుకే మూతపెట్టిన దీపాలు తయారుచేస్తున్నారు. మెరిసే పదార్థం ఒకటి తీసుకొని, దాని వెలుగును ఆర్పే మరొకదాన్ని పక్కన పెడతారు. దీపం ఉన్నది, మూత ఉన్నది, చీకటి. సి విటమిన్ వచ్చి మూతకు ఎలక్ట్రాను దానం చేస్తే మూత లేస్తుంది, వెలుగు బయటపడుతుంది.

ఇటువంటి దీపాల విద్య మన గచ్చిబౌలిలో కూడా జరిగింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడి, ఆబిడ్సులో సరోజినీదేవిగారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డులో మొదలై, తరవాత గచ్చిబౌలి బండరాళ్ళ మధ్యకు వచ్చింది. అప్పటికి ఇక్కడ అద్దాల మేడలు లేవు; సైబర్ టవర్స్ ప్రారంభమైనదే 1998లో. ఆ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యులు అనునయ్ సామంతగారు 1997 ప్రాంతంలో లోహాలను కనిపెట్టే దీపాలను చేశారు. అవి సి విటమిన్ కోసం కాదు. అయినా వాటి సంగతి మనకు కావాలి. రాగి, నికెలు వంటి లోహాలు మామూలుగా పక్కవాడి వెలుగును ఆర్పివేస్తాయి. అటువంటి లోహాలు వచ్చి తగులుకుంటే ఆరటానికి బదులు వెలిగేటట్టు ఆయన దీపాన్ని కూర్చారు. వెలుగు ఎప్పుడు ఆరుతుంది, ఎప్పుడు లేస్తుంది అన్నది తెలిసినవారికే ఇట్లా మూతా దీపమూ కూర్చటం చేతనవుతుంది.

సి విటమిన్‌కు ఇప్పుడు ఎక్కువగా వాడి చూస్తున్న మూతలలో ఇనుము ఒకటి. పంచదారనుగాని పళ్ళరసాన్నిగాని మూసిన పాత్రలో కాచి కర్బన చుక్కలనే అతి చిన్న రేణువులు చేస్తారు. వీటిని 2004లో కనుక్కున్నారు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించదు. ఊదా దీపం క్రింద నీలంగా మెరుస్తాయి. ఇనుము మూడు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న రూపంలో వచ్చి కలిస్తే ఆ మెరుపు ఆరిపోతుంది. సి విటమిన్ వచ్చి ఇనుముకు ఒక ఎలక్ట్రాను ఇస్తుంది. ఇనుము ఇప్పుడు రెండే పోగొట్టుకున్న రూపంలో ఉన్నది. దానికి మెరుపును ఆర్పే శక్తి తగ్గిపోయింది. నీలం మళ్ళీ లేస్తుంది. ఎంత లేచిందో చూసి ఎంత విటమిన్ ఉన్నదో లెక్క కడతారు.

ఈ దానం మీ కంచంలో కూడా జరుగుతుంది. తోటకూర పప్పు మీద అమ్మ నిమ్మకాయ పిండుతుంది, చూశారా? ఆకుకూరలో ఉన్న ఇనుము మూడు పోగొట్టుకున్న రూపంలోనే చాలావరకు ఉంటుంది. అది మన పేగులకు సులువుగా ఎక్కదు. నిమ్మలోని సి విటమిన్ దాన్ని రెండు రూపానికి దించుతుంది, అప్పుడు ఎక్కుతుంది.

ఇనుము మూతకు ఒక లోపం ఉన్నది. కణాలలో గ్లూటాథయోన్ అనే మరో దాత పుష్కలంగా ఉంటుంది. అదీ ఇనుముకు దానం చెయ్యగలదు, అదీ మూత లేపగలదు. అందుకని ఇంకొక మూత పెట్టారు: ఒంటరి ఎలక్ట్రాను ఒకటి పట్టుకొని కూచునే నైట్రాక్సైడ్ అనే జాతి. దీపానికి ఆనుకొని ఉన్నంతసేపు ఈ ఒంటరివాడు వెలుగును మింగుతాడు. సి విటమిన్ తగలగానే ఒంటరివాడికి జోడు దొరికి వెలుగు లేస్తుంది. గ్లూటాథయోన్ కూడా ఆ పని చెయ్యటానికి ప్రయత్నిస్తుంది గాని, బహు నెమ్మది. కనక మొదటి నిమిషాల్లో లేచిన వెలుగు సి విటమిన్‌దే అని చాలావరకు నమ్మవచ్చు. ఇక్కడ వేషగాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు, నడకనుబట్టి పట్టుకున్నారు. ఇంతమాత్రాన ఈ దీపాలు రేపే ఆసుపత్రికి వస్తాయని అనుకోకండి. రక్తంలోని సి విటమిన్‌ను తేల్చటానికి ఇప్పటికీ, పదార్థాలను ఒకదాన్నుంచి ఒకటి వడపోసి విడదీసే పెద్ద యంత్రాన్నే నమ్ముతున్నారు. కొత్త దీపం చేసినవాడు ఆ యంత్రం అంకెతో తన అంకెను సరిపోల్చి చూపాలి.

ఒక్క మాట మీ అమ్మానాన్నలకు. సి విటమిన్ పరీక్షలో నిలబడటమే గాదు, ఇతరుల పరీక్షలను చెడగొడుతుంది కూడా. మూత్రంలో చక్కెరను చూసే కాగితపు పట్టీ రంగు మారటానికి లోపల ఒక చిన్న మార్పు జరగాలి. సి విటమిన్ బిళ్ళలు జోరుగా మింగినవారి మూత్రంలో ఆ విటమిన్ మిగిలి ఉండి, ముందే అడ్డుపడి దానం చేసివేస్తుంది. పట్టీకి రంగు రాదు. చక్కెర ఉన్నా లేదని తేలుతుంది. కొన్ని రకాల చక్కెర మీటర్లు కూడా దాని మూలాన తప్పు అంకె చూపుతాయి. కనక పరీక్షకు వెళ్ళినప్పుడు బిళ్ళ సంగతి అక్కడివారితో చెప్పాలి.

మాధాపూరు అబ్బాయీ, ఇక నీ వంతు. ఒకే ఉసిరికాయ రసాన్ని మూడు భాగాలు చెయ్యి. ఒకటి అప్పుడే పరీక్షించు. ఒకటి పావుగంట కాచి, చల్లార్చి, ఇగిరినంత నీరు మళ్ళీ పోసి పరీక్షించు. మూడోది గిన్నెలో మూత లేకుండా మర్నాటి దాకా ఉంచి పరీక్షించు. గంజీ అయొడినూ ప్రతిసారీ ఒకే కొలత ఉండాలి. నీలం పోవటానికి దేనికెన్ని చుక్కలు పట్టినవో మూడు అంకెలూ రాసి పంపు. మిగిలిన పిల్లలు కూడా పంపవచ్చు. ఉసిరి దొరకకపోతే జామకాయతో చెయ్యండి.